కాల్చిన వంకాయ



వ్యాకరణమో పురాణమో చెప్పవలసిన వృద్ధోపాధ్యాయుడు వంకాయను చేతబట్టుకొని రేడియో యెదుటికి వచ్చినాడేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుడు. ముప్పదియైదేండ్లు బడిలో బాలురకు సంధులును సమాసములును చెప్పితిని. ఆ ముప్పదియైదేండ్లలో ఒక్కనాడైనను పొయ్యి వెలిగించి యెఱుగను. వేళకు అన్నము విస్తరిలోనికి వచ్చుచుండెను. అది యెట్లు వచ్చుచున్నదో విచారింపవలసిన పని నాకు లేకపోయెను. అఱువది దాటిన పిమ్మట ఆ విచారణ తప్పనిసరి యయ్యెను. నేడు మీకు చెప్పబోవునది అప్పుడు నేర్చిన పాఠము.

మూడేండ్ల క్రిందట నా భార్యకు మోకాలి కీలు మార్చు శస్త్రచికిత్స జరిగినది. ఇంటికి వచ్చిన తరువాత కొన్ని వారములవఱకు ఆమె వంటయింటిలో నిలువరాదని వైద్యులు చెప్పిరి. కుమారుడు పరదేశమున నున్నాడు; కుమార్తె అత్తవారింట నున్నది. పొరుగింటివారు రెండుపూటలు భోజనము పంపిరి. మూడవపూటకు నాకే సిగ్గు కలిగినది. "ఏది సులభమో చెప్పు, నేనే చేస్తాను" అంటిని. ఆమె మంచముమీదినుండియే, "వంకాయ కాల్చండి. దానికి చదువక్కర్లేదు" అన్నది. చదువక్కఱలేదను మాట నిజము కాదని పది నిమిషములలోనే తేలినది. ఆ కథ కొంచెము తరువాత చెప్పెదను. ముందుగా కాల్చుట యనగా నేమో చూతము.

కూరగాయను నీటిలో ఉడికించుట వేఱు, నూనెలో వేయించుట వేఱు, నిప్పుమీద కాల్చుట వేఱు. మూడింటను వేడియే పనిచేయుచున్నది గదా, రుచి యేల మాఱవలయునని అడుగవచ్చును. నీరు మఱుగునపుడు దాని వేడిమి సెంటిగ్రేడు కొలతలో 100 డిగ్రీలు. పొయ్యిలో ఎన్ని కట్టెలు దోపినను మూతలేని పాత్రలోని నీరు అంతకు మించి వేడెక్కదు. మిగిలిన వేడిమియంతయు ఆవిరితో లేచిపోవును. కావున నీటిలో ఉడికెడు కూర మెత్తనగునే కాని ఎఱ్ఱబడదు. ఎఱ్ఱబడవలెనన్న పైతడి యాఱి, పదార్థము ఇంచుమించు 140 డిగ్రీల వేడిమిని అందుకొనవలయును. అప్పుడు దానియందలి చక్కెరలును, మాంసకృత్తులకు మూలమైన అమైనో ఆమ్లములును ఒండొంటితో కలిసి క్రొత్త వన్నెయు క్రొత్త వాసనయు పుట్టించును. ఈ మార్పును 1912వ సంవత్సరమున లూయీ కామిల్ మయార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వర్ణించెను. ఆయన పేరు మన పల్లెలలో ఎవరును వినియుండరు; ఆయన చెప్పిన మార్పును మాత్రము చూడనివారు లేరు. అట్టు అంచు కరకరలాడుట, పెసరపప్పు వేయించునపుడు వీధివఱకు వాసన వచ్చుట, కాఫీగింజ పచ్చదనము విడిచి నల్లబడుట, ఇవన్నియు ఆ జాతివే.

ఇందులకు పశ్చిమదేశముల ఉదాహరణ మొకటి చెప్పెదను. బెల్జియము రాజధానియగు బ్రస్సెల్సు పేరుతో పిలువబడు ఒక కూర కలదు. అది క్యాబేజీకి చుట్టము. క్యాబేజీ నేలకు దగ్గఱగా ఒక్క పెద్ద తలవలె పెరుగును. ఇది నిలువుగా లేచిన కాండము పొడుగునను, ప్రతి ఆకు మొదటను, పెద్ద ఉసిరికాయంతేసి చిట్టి క్యాబేజీలుగా కాయును. ఇంగ్లండులో క్రిస్మసు విందులో దీనిని వడ్డించుట వాడుక. అచ్చట తరములకొలది దీనిని నీటిలో వేసి మెత్తబడువఱకు ఉడికించుచుండిరి. అట్లు మితిమీఱి ఉడికించినచో దానియందలి గంధక సంబంధమైన పదార్థములు విడివడి, ఇల్లంతయు దుర్గంధము నిండును. పిల్లలు దానిని చూచి పరుగెత్తుట అచ్చట సామెత వంటిది. ఇటీవలి కాలమున వారు దానిని రెండుగా చీల్చి, నూనెయు ఉప్పును పట్టించి, 200 డిగ్రీలకు పైబడిన పొడివేడిమి గల ఓవెనులో ఇరువది నిమిషములకు పైగా కాల్చుచున్నారు. కోసిన ముఖము ఎఱ్ఱగా మాడి, చేదులో తీపి పుట్టుచున్నది. దానిని ముట్టనివారు సైతము రెండవసారి అడుగుచున్నారు. ఇందులో విత్తనముల మేలును కొంత కలదు. 1990 తరువాత హాలెండు దేశపు విత్తనకారులు ఆ చేదునకు కారణమగు పదార్థములను గుర్తించి, చేదు తక్కువగు రకములను ప్రచారములోనికి తెచ్చిరి. ఐనను సగము పుణ్యము పొడినిప్పుదే.

వారు ఇనుపపెట్టెలో చేయుచున్న పనిని మనవారు నివురుగప్పిన నిప్పులలో ఏనాటినుండియో చేయుచున్నారు. భేద మొక్కటే. ఆ చిట్టి క్యాబేజీని కోసి కాల్చవలయును. వంకాయను కోయక కాల్చవలయును. దీనికి కారణము వంకాయ నిర్మాణములో నున్నది.

వంకాయలో నూటికి తొంబదిరెండు పాళ్లు నీరే. ఆ నీటిని పట్టుకొన్న కండ గట్టిది కాదు. స్పంజివలె లోన గాలి నిండియున్నది. అందుచేతనే కాయను పట్టుకొన్నచో దాని పరిమాణమునకు తగిన బరువుండదు. నూనెలో వేసినచో పోసినంత నూనెయు త్రాగివేయును. నిప్పుమీద పెట్టినపుడు ఏమగునో చూడుడు. తోలు నిప్పును నేరుగా తగిలి మాడును. లోని నీరు ఆవిరియై, తోలు దాటి బయటికి పోజాలక, కండను తన ఆవిరితోనే ఉడికించును. స్పంజి కూలిపోవును, గాలి పోవును, కండ వెన్నవలె దిగజాఱును. అనగా తోలే పాత్ర, లోని నీరే ఎసరు. వెలుపల కాల్పు, లోపల ఉడుకు, ఈ రెండు పాకములును ఏకకాలమున ఒక్క కాయలో జరుగుచున్నవి. మాడిన తోలినుండి పొగవాసన లోనికి దిగును. తోలు ఒలిచి పాఱవేయుదుము గాని అది యిచ్చిన వాసన కండలోనే యుండిపోవును. నూనె చుక్కయైనను లోనికి పోదు.

మన వైద్యగ్రంథకర్తలు ఈ భేదమును గమనించిరి. పదునాఱవ శతాబ్దివాడగు భావమిశ్రుడు భావప్రకాశమున వృంతాకమును గూర్చి చెప్పుచు, నిప్పులమీద కాల్చిన వంకాయను వేఱుగా పేర్కొనెను. అది కొంచెము పిత్తమును చేయునట, కఫమును, మేదస్సును, వాతమును, ఆమమును హరించునట, మిక్కిలి తేలికయైనదట, జఠరాగ్నిని ప్రజ్వలింపజేయునట. ఆ వెంటనే ఇంకొక మాట చేర్చెను. ఆ కాల్చిన వంకాయయే నూనెతోను ఉప్పుతోను కూడినచో గురువును స్నిగ్ధమును అగునట. మనము విస్తరిలో వేసికొనునది ఈ రెండవదియే యని నేను వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇంగువపోపు మీద గరిటెడు నూనె పోసికొని, "శాస్త్రములో లఘువని యున్నది" అని చెప్పుకొనుట న్యాయము కాదు.

భావమిశ్రుడే కోడిగ్రుడ్డువంటి తెల్లని వంకాయ యొకటి కలదనియు, అది మూలవ్యాధికి హితమనియు, తక్కిన గుణములలో మొదటిదానికంటె తక్కువయనియు వ్రాసెను. ఇంగ్లీషువారు ఈ కూరగాయకు గ్రుడ్డుచెట్టు అని పేరు పెట్టుకొన్నది కూడ ఇట్టి తెల్లని చిన్నకాయలను చూచియే. దేశము వేఱైనను కన్ను ఒక్కటే చూచినది.

పేరుల ప్రసక్తి వచ్చినది గనుక పండితునకు సహజమైన దౌర్బల్యముచేత ఒక్క మాట చెప్పి ముందునకు పోయెదను. వంకాయకు సంస్కృతమున వార్తాకము, వృంతాకము, భంటాకి మొదలగు పేరులు కలవు. 'వాతింగణ' మనునది మఱియొకటి. ఈ మాట పారసీకమున బాదింగాన్ అయి, అచ్చటనుండి అరబ్బులయొద్ద బాదింజాన్ అయి, వారివెంట స్పెయినునకు పోయి బెరెంహేనా అయి, పోర్చుగీసువారి నోట బెరింజేలా అయినదని భాషాశాస్త్రవేత్తలు చెప్పుదురు. పోర్చుగీసువారు ఓడలెక్కి మన తీరమునకు వచ్చునప్పుడు ఆ మాటను తిరిగి తెచ్చిరి. అది ఇచ్చటి ఇంగ్లీషులో బ్రింజాల్ అయినది. మా బడిలో పిల్లలు వంకాయకు ఇంగ్లీషు మాటయని వల్లించిన ఆ బ్రింజాల్, ఇల్లు విడిచి లోకము చుట్టివచ్చిన మన బిడ్డయే. ఇంగ్లండులోని ఇంగ్లీషువారు ఆ మాట వాడరు, వారిది ఓబర్జీన్. అదియును ఆ బాదింజాన్ సంతానమే.

మాటతోపాటు కాల్చు పద్ధతియు ఆ దారిపొడుగున కనబడుచున్నది. సిరియా, లెబనాను ప్రాంతములందు కాల్చిన వంకాయలో నువ్వులముద్దయు, వెల్లుల్లియు, నిమ్మరసమును చేర్చి రొట్టెతో తిందురు. పంజాబులో దానినే భర్తా యందురు. బీహారులో పిడకలనిప్పుమీద పిండిముద్దలతోపాటు వంకాయను కాల్చి చోఖా చేయుదురు. బంగాళమున ఆవనూనెయు పచ్చియుల్లియు కలుపుదురు. మహారాష్ట్రమున జలగామ్ ప్రాంతపు లేతపచ్చని పెద్ద వంకాయను ఎండిన ప్రత్తికట్టెలమంటపై కాల్చి భరీత్ అను వంటకము చేయుదురు. ఆ కాయకు 2016వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. మనకు కాల్చిన వంకాయ పచ్చడి, పెరుగుపచ్చడి, పచ్చిపులుసు. మన పచ్చడిలోని మిరపకాయ మాత్రము క్రొత్తది. అది అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ద్వారా పదునాఱవ శతాబ్దిలో వచ్చినది. అంతకుముందు మన తాతముత్తాతలు పచ్చడిలో కారమునకు మిరియమును, అల్లమును వాడుకొనియుందురు. మిరపయు, టమాటాయు, బంగాళాదుంపయు, పొగాకును వృక్షశాస్త్రమున వంకాయ కుటుంబములోనివే. నాలుగును సముద్రము దాటివచ్చిన చుట్టములు. వంకాయ యొక్కటియే ఈ ప్రక్కది.

ఇక కాయను ఏఱుట. గుత్తివంకాయకు పనికివచ్చు చిన్నకాయలు దీనికి వలదు. అవి కండ పట్టకముందే మాడిపోవును. అరచేతిలో నిండుగా పట్టునంతటి గుండ్రని కాయ, పావుకిలో బరువుగలది, శ్రేష్ఠము. తోలు నిగనిగలాడవలయును; బొటనవ్రేలితో నొక్కినచో లొత్తపడి మరల పైకి రావలయును. రానిచో కాయ వడలినది. నొక్కినను దిగనిచో ముదిరినది. అందు గింజలు నిండియుండును, గింజలలోనే చేదు హెచ్చు. తొడిమ పచ్చగా ముండ్లతో నుండవలయును. ఒకే పరిమాణముగల రెండు కాయలలో తేలికయైనదానిని తీసికొనుడని నా భార్య చెప్పినది. బరువుది గింజకాయ యని ఆమె లెక్క. నేను చాలసార్లు కోసిచూచితిని. ఎక్కువసార్లు ఆమె లెక్కయే నిలిచినది.

పురుగు సంగతి పెద్దచిక్కు. కాయతొలుచు పురుగు వంకాయకు పుట్టుశత్రువు. కాయమీద రంధ్రము కనబడినచో లోపల పురుగున్నదని మనమందఱము తలంతుము. నిజమునకు ఆ రంధ్రము పురుగు బయటికి పోయిన ద్వారము. లోనికి పోవునపుడు అది సన్నని పిల్లపురుగు; అది చేసిన బెజ్జము సూదిమొనంతయే యుండి పూడిపోవును. కావున రంధ్రములేని కాయ నిర్దోషియని నమ్మరాదు. మన స్త్రీలు కాడ విడిపోకుండ కాయను క్రిందినుండి నాలుగు చీలికలుగా సగమువఱకు కోసి, విప్పిచూచి, నూనెచేయి రాసి, మరల మూసి కాల్చుదురు. నిండుకాయను కాల్చుటకంటె దీనిలో పొగవాసన లోనికి ఎక్కువ పట్టును; కాని ఆవిరి కొంత తప్పించుకొనును గనుక కండ కొంచెము పొడిబారును. కన్నులు సరిగా కనబడని మావంటివారికి ఈ పద్ధతియే క్షేమము.

ఈ పురుగు బాధ పడలేకయే రైతులు వంగతోటలకు మందు పదేపదే చల్లుచున్నారు. పురుగును తట్టుకొనునట్లు జన్యువు మార్చిన బీటీ వంకాయను మన దేశమున వాడుకలోనికి తేబూనగా పెద్ద వాదము చెలరేగినది. 2010వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన కేంద్రప్రభుత్వము దానిని నిలిపివేసినది. ప్రక్కనున్న బంగ్లాదేశము 2013లో అనుమతించినది. ఆ వాదములో తీర్పు చెప్పగల విద్య నాకు లేదు. మందు చల్లిన మఱునాడే కాయ కోసి సంతకు పంపుట మాత్రము ఏ విద్య లేకున్నను తప్పని తెలియును. తోలు ఒలిచివేయుదుము గదా యని కడుగకుండ కాల్చకుడు. ఉప్పునీటిలో కొంతసేపుంచి, చేతితో రుద్ది కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆపైన నూనె రాయవలయును. తడికాయ మీద నూనె నిలువదు.

నిప్పు విషయమై పెద్దలకు అభిమానము లెక్కువ. నా చిన్నతనమున మా యింట దాలి యుండెను. గుంటలో పిడకలు పేర్చి, దానిపై కడవతో పాలు పెట్టుచుండిరి. పాలు సాయంకాలమునకు ఎఱ్ఱగా కాగెడివి. ఆ దాలి ప్రక్కన నివురులో మా నాయనమ్మ వంకాయను పూడ్చిపెట్టి తన పనిమీద తాను పోవుచుండెను. ఎవరును కనిపెట్టియుండనక్కఱలేదు. గంటకు వచ్చి పుల్లతో గ్రుచ్చిచూచి తీసెడిది. మంటకంటె నివురుకప్పిన నిప్పు మేలు. మంట తోలును గభాలున మాడ్చును, లోపల పచ్చిగానుండును. నివురు వేడిమిని నలువైపులనుండి నిలుకడగా అందించును.

ఆ రుచి ఇప్పుడు లేదని నిట్టూర్చువారిని నేనెఱుగుదును. నేనును ఒకప్పుడు వారిలోని వాడనే. కాని ఆ పొయ్యియెదుట కూర్చుండినది మనము కాము. మా నాయనమ్మ కండ్లు ఎల్లప్పుడు ఎఱ్ఱగా నీరు కారుచుండెడివి. మా తల్లి దగ్గుచునే వండినది. కట్టెలపొగ ఊపిరితిత్తులకు చేయు హాని నేడు వైద్యులందఱకు తెలిసినదే. 2016వ సంవత్సరము మే 1వ తేదీన కేంద్రప్రభుత్వము ఉజ్జ్వల పథకము ప్రారంభించి పేదయిండ్లకు గ్యాసు కనెక్షనులను ఇచ్చినపుడు, వంకాయపచ్చడి పాడైపోవునని మా అరుగుమీద ఒకరు వాపోయిరి. ఆయన ఆ పచ్చడి తిన్నవాడే కాని చేసినవాడు కాడు. రుచిలో ఒక వీసము తగ్గినను నాకు విచారము లేదు. కుంపటిలో బొగ్గులు రాజేసి కాల్చుకొనదలచువారు ఆరుబయట కాల్చుకొనుడు. తలుపులు మూసిన గదిలో బొగ్గులకుంపటి పెట్టరాదు. దానినుండి వెడలు వాసనలేని విషవాయువు నిద్రలోనే ప్రాణము తీయగలదు.

గ్యాసు పొయ్యిమీద కాల్చుట యెట్లో నా మొదటి అనుభవముతోనే చెప్పెదను. కాయకు నూనె రాసితిని. అప్పడములు కాల్చెడు తీగెజాలి పొయ్యిమీద పెట్టి, దానిపై కాయనుంచి, మంట పెద్దదిచేసి, వార్తాపత్రిక తెచ్చుకొని కూర్చుంటిని. కొంతసేపటికి ఢమ్మని శబ్దమయ్యెను. కాయ ప్రక్కకు చీలి, సగము కండ గోడమీదను, కొంత నా కండ్లద్దములమీదను పడినది. లోపలినుండి, "పొడిచారా?" అని ప్రశ్న వచ్చినది. ఏమి పొడువవలయునని నేనడిగితిని. "అయ్యో, చాకుతో నాలుగు పోట్లు పొడవాలండీ. అది కూడా చెప్పాలా?" అన్నది. చెప్పవలయును. ముందు వివరించిన ఆవిరి సంగతి మీకు జ్ఞాపకమున్నది గదా. పోట్లు లేనిచో ఆవిరికి త్రోవ లేదు. నలుబదియేండ్లు వండినవారికి అది చెప్పనక్కఱలేనంత సహజము. వినువానికి అదియే ముఖ్యము. బడిలో నేను ఎంతమంది బాలురను "ఇది కూడ చెప్పవలెనా?" అని కసరితినో ఆ గోడ తుడుచునపుడు జ్ఞాపకమునకు వచ్చినది.

రెండవ కాయకు నాలుగు పోట్లు పొడిచితిని. కాడ కోయలేదు; త్రిప్పుటకు అదియే పిడి. మంట నడిమిదిగా నుంచి, మూడు నాలుగు నిమిషముల కొకసారి పావువంతు త్రిప్పవలయును. చివర కాయను నిలువబెట్టి అడుగుభాగము కాల్చవలయును. పావుకిలో కాయకు మొత్తము పండ్రెండునుండి పదునైదు నిమిషములు పట్టును. తోలు నల్లబడి ముడుతలు పడినంతమాత్రమున అయినదనుకొనరాదు. తొడిమ మొదట చాకు గ్రుచ్చిచూడుడు. అన్నిటికంటె ఆలస్యముగా ఉడుకు చోటు అదియే. చాకు అడ్డులేక దిగినచో కాయ అయినది.

పొయ్యిమీదినుండి తీసిన కాయను పళ్లెములో పెట్టి, గిన్నె బోర్లించి, పదినిమిషములు విడువవలయును. లోని ఆవిరిచే తోలు వదులై, పొరవలె లేచివచ్చును. అంతవఱకు ఆగలేనివారు చేతులు కాల్చుకొందురు. తోలు తీయుటకు కాయను కుళాయిక్రింద పెట్టువారిని చూచితిని. తోలుతోపాటు పొగవాసనయు కండలోని రసమును కొట్టుకొనిపోవును; ఇంతసేపు కాల్చిన ఫలము నీటిపాలగును. ప్రక్కన గిన్నెలో నీరుంచుకొని వ్రేళ్లు తడిపికొనుచు ఒలిచిన చాలును. అక్కడక్కడ నల్లని పెచ్చులు మిగిలినను దోషము లేదు. ఎక్కువ మిగిలినచో చేదు.

కోసిన వంకాయ నల్లబడుట మీరందఱు చూచినదే. కండలోని ఒక పదార్థము గాలి తగిలి, కాయలోనే యుండు కిణ్వముచే నల్లబడును. కాల్చినకాయలో ఆ కిణ్వము వేడికి నశించును గనుక ఒలిచిన కండ లేత తేనెవన్నెతో నిలుచును. నల్లబడినచో కాయ లోపల సరిగా ఉడుకలేదని అనుమానింపవలయును.

పచ్చడికి ఒక కాయకు మూడు పచ్చిమిరపకాయలు, చిన్న ఉసిరికాయంత చింతపండు, తగినంత ఉప్పు, కొత్తిమీర. మిరపకాయలను కూడ ఆ జాలిమీదనే ఒక్క నిమిషము కాల్చిన మేలు. వానికిని పోటు పొడువవలయునని ఈసారి నేనే కనిపెట్టితిని. మిరపకాయలు, ఉప్పు, నానిన చింతపండు ముందు రోటిలో నూఱి, వంకాయను చివర వేసి రెండు పోట్లు మాత్రమే వేయవలయును. మెత్తగా రుబ్బినచో జిగురువలె అగును. మిక్సీలో వేయువారు ఒక్క త్రిప్పు త్రిప్పి ఆపవలయును. నా యెఱుకలో అట్లు ఆపినవారు లేరు, అందుచే చేతితోనే మెదుపుడందును. పచ్చియుల్లి సన్నగా తఱిగి కలుపుట కొందఱకు ఇష్టము. పోపునకు ఒక చెంచా నూనె చాలును. మినపపప్పు, ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ.

పండ్లు ఊడిన పెద్దలకు పచ్చిపులుసు ఇంకను సుఖము. చింతపండు రసమును పలుచగా తీసి, అందు కాల్చిన వంకాయను చేతితో పిసికి, ఉల్లి, పచ్చిమిరప, ఉప్పు, కొంచెము బెల్లము వేసి, పోపు పెట్టుదురు. పులుసును మఱిగింపరు, పేరులోనే పచ్చిది యని యున్నది గదా. ముద్దపప్పు కలిపిన అన్నముతో దీనిని నంజుకొనవలయును. తెలంగాణమున వంకాయ లేకయే పచ్చిపులుసు చేయువారు చాలమంది; వేయించిన నువ్వులపొడి చల్లుదురు. ఆ నువ్వులపొడిని వంకాయ పచ్చిపులుసులో చల్లిచూచితిని, మిక్కిలి పొసగినది. పెరుగుపచ్చడికి పెరుగు పులియనిదై, వంకాయ పూర్తిగా చల్లాఱినదై యుండవలయును. వేడికండను కలిపినచో పెరుగు విఱిగి నీరోడును.

వంకాయ తిన్న దురద పుట్టువారు కలరు. వారు ఏ రూపమునను తినరాదు. చాతుర్మాస్యమున విడుచువారు వారి నియమము ప్రకారము విడుతురు. రక్తపుపోటు కలవారికి ఈ పచ్చడి ఊఱగాయకంటె మేలు. ఊఱగాయ నిలువకు ఉప్పు హెచ్చుగా పోయక తప్పదు. ఇది ఆపూటకు చేసికొని ఆపూటకే తినునది, పులుపును పొగవాసనయు ఉండుటచే సగము ఉప్పుతోనే నాలుకకు సరిపోవును. నేను మొదటినాడు భయముచే ఉప్పు తగ్గించి వేసితిని. నా భార్య మంచముమీద దిండ్లకు ఆనుకొని రెండు ముద్దలు తిని, "ఉప్పు తక్కువ" అన్నది. మూడవ ముద్ద తిని, "అయినా బాగుంది, ఇలాగే ఉండనీండి" అన్నది. ఇప్పుడామె నడచుచున్నది, వంటయు చేయుచున్నది. వంకాయ కాల్చు పని మాత్రము మరల తీసికొనలేదు.

నాతో పనిచేసిన లెక్కల ఉపాధ్యాయుడొకరు భార్య గతించిన తరువాత మా వీధిలోనే ఒంటరిగా నున్నారు. రెండుపూటలు పెరుగన్నమును ఆవకాయయు తిని కాలము గడుపుచుండగా, కాళ్లు వాచినవి. వైద్యుడు ఉప్పు తగ్గింపుమనెను. ఆవకాయ విడిచిన అన్నము దిగుట లేదని ఆయన చెప్పగా, ఒక ఆదివారము రెండు వంకాయలును తీగెజాలియు పట్టుకొని ఆయన యింటికి పోయితిని. మొదట, "మనకెందుకండీ ఈ పనులు" అనిరి. కాయను పొడుచుట మొదలు ఒలుచుటవఱకు నేను చేసి చూపితిని. రెండవ కాయ ఆయనచే చేయించితిని. లెక్కలవారు గదా, గడియారము ప్రక్కన పెట్టుకొని చేసిరి. ఇప్పుడు ఆయనయొద్ద ఒక నోటుపుస్తకమున్నది. అందు కాయ బరువు, రంగు, త్రిప్పిన సంఖ్య, పట్టిన నిమిషములు వరుసగా వ్రాయబడియున్నవి. మొన్న సాయంకాలము పిలిచి, నల్లకాయకు పదుమూడు నిమిషములును తెల్లకాయకు పదునొకటియు పట్టుచున్నదనియు, నేను చెప్పిన పదునైదు ఎక్కువయనియు నన్ను దిద్దిరి.